గణాంక సాఫ్ట్‌వేర్‌కు కంపైలర్ అమరిక, పరీక్ష: క్షేత్ర పరిశోధకులకు ఒక క్రమం

గోదావరి డెల్టాలో వరి పరిశోధనకు శతాబ్ది చరిత్ర ఉంది. 1925లో ప్రారంభమైన మారుటేరు పరిశోధనా స్థానం నుంచి 1982లో స్వర్ణ (ఎం.టి.యు. 7029) వెలువడింది. ఆ తరువాత కాటన్‌దొర సన్నాలు (ఎం.టి.యు. 1010) వంటి రకాలు రైతుల పొలాలకు చేరాయి. ఏ రకాన్నయినా సిఫారసు చేయడానికి ముందు అనేక సార్వా, దాళ్వా పంటకాలాల ప్రయోగ ఫలితాలను విశ్లేషించవలసి ఉంటుంది. రెండు రకాల దిగుబడుల మధ్య తేడా నిజమైనదా, నేల వ్యత్యాసం వల్ల కలిగినదా అన్న ప్రశ్నకు సమాధానం చివరకు విస్తృతి విశ్లేషణ పట్టికలోను, క్రాంతిక భేదం విలువలోను తేలుతుంది.

పాన్సే, సుఖాత్మేల గ్రంథం 1954లో వెలువడిన నాటికి ఈ లెక్కలను చేతితోను, చేతి యంత్రంతోను కట్టేవారు. ప్రతి మెట్టూ కంటికి కనిపించేది. నేడు మన విద్యార్థులలో చాలామంది ‘ఆర్’ అనే గణాంక భాషను వాడుతున్నారు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించిన ఈ భాష తొలి సంపూర్ణ సంచిక 2000 ఫిబ్రవరి 29న విడుదలైంది. ఇది ఉచితం, దీని మూలం అందరికీ అందుబాటులో ఉంది. అయితే ఆదేశానికీ ఫలితానికీ నడుమ పనిచేసే కంపైలర్‌ను గురించి మన పాఠ్యాంశాలలో చెప్పేది చాలా తక్కువ. దిగుబడి తూచే కాటాను సరిచూడకుండా కోతకు దిగని మనం, ఆ దిగుబడిని లెక్కించే పరికరాన్ని మాత్రం సరిచూడకుండానే నమ్ముతున్నాము.

కంపైలర్ అవసరం ఎక్కడ వస్తుంది?

మనిషి చదవగలిగిన మూల కోడ్‌ను యంత్రం అమలు చేయగల రూపంలోకి మార్చేది కంపైలర్. మూల కోడ్ ధాన్యమైతే, సిద్ధంగా దొరికే ప్యాకేజీ బియ్యం. కంపైలర్ మర వంటిది. సాధారణంగా బియ్యమే దొరుకుతుంది కనుక మర అవసరం తెలియదు. కాని ప్యాకేజీ కొత్త సంచిక ఇంకా మూల రూపంలోనే ఉన్నప్పుడు, మన కంప్యూటర్‌లో పాత ఆర్ ఉండి దానికి సిద్ధరూపం తయారుచేయడం ఆగిపోయినప్పుడు, లేదా పరిశోధకుడు స్వయంగా సి++ కోడ్ రాసుకున్నప్పుడు ధాన్యాన్ని మనమే ఆడించుకోవాలి.

ఆర్ సొంత మూలమే సి, ఫోర్‌ట్రాన్, ఆర్ భాషల కలయిక. మిశ్రమ నమూనాలకు వాడే ‘ఎల్ఎంఈ4’ ప్యాకేజీలో సి++ కోడ్ ఉంది. క్షేత్ర ప్రయోగాలకు మనవారు విరివిగా వాడే ‘అగ్రికోలే’ ఆర్ భాషలోనే ఉన్నా, అది ఆధారపడే ‘ఆల్గ్‌డిజైన్’కు కంపైలర్ కావాలి. సార్వా కోతకూ దాళ్వా నారుమడికీ మధ్య దొరికే కొద్ది వ్యవధిలో ప్యాకేజీ ఎక్కకపోతే, విద్యార్థి తన ప్రయోగ రచనకు సరిపడే పద్ధతిని వదిలి, సులువుగా నడిచే మరో పద్ధతిని ఎంచుకొనే ప్రమాదం ఉంది. ఉప మడుల ప్రయోగాన్ని సాధారణ బ్లాకుల ప్రయోగంగా విశ్లేషిస్తే ప్రధాన మడుల దోషం మరుగున పడి, లేని తేడా ఉన్నట్లు కనిపించవచ్చు. కంపైలర్ లోపం ఈ విధంగా సిఫారసు లోపంగా మారుతుంది.

అమరికలో పాటించవలసినవి

విండోస్‌లో ‘ఆర్‌టూల్స్’ అనే సమాహారం కావాలి. ఇందులో సి, సి++, ఫోర్‌ట్రాన్ కంపైలర్లు, వాటిని క్రమంలో నడిపించే ‘మేక్’ సాధనం ఉంటాయి. ముఖ్యమైన నియమం సంచికల పొంతన. ఆర్ 4.0, 4.1లకు ఆర్‌టూల్స్ 40, ఆర్ 4.2కు 42, 4.3కు 43, 4.4కు 44, 4.5కు 45 వాడాలి. ఆర్‌టూల్స్ 40 వాడినవారు దాని దారిని ప్రత్యేకంగా రాసి చూపవలసి వచ్చేది. 42 నుంచి, సూచించిన ఫోల్డర్‌లోనే స్థాపిస్తే ఆర్ తనంత తానే గుర్తిస్తుంది. కనుక స్థలం మార్చకపోవడమే మేలు. ప్యాకేజీల ఫోల్డర్ పేరులో ఖాళీలు లేకుండా చూసుకోవడం వల్ల అనేక చిక్కులు తప్పుతాయి.

ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థలలో ‘ఆర్ బేస్ డెవ్’ అనే సమాహారం స్థాపిస్తే కంపైలర్లు కూడా వస్తాయి. యాపిల్ కంప్యూటర్లలో ‘ఎక్స్‌కోడ్’ కమాండ్ లైన్ సాధనాలతో పాటు ఫోర్‌ట్రాన్ కంపైలర్‌ను వేరుగా చేర్చాలి.

2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్ 4.2.0 మనకు మరో మేలు చేసింది. అప్పటి నుంచి కొత్త విండోస్ వ్యవస్థలలో యూటీఎఫ్-8 సహజ లిపి సంకేతంగా మారింది. అంతకుముందు తెలుగులో రాసిన గ్రామాల పేర్లు, రకాల పేర్లు తరచు సంకేత సంఖ్యలుగా కనిపించేవి. రైతుల పొలాలలో సేకరించిన వివరాలను తెలుగులోనే ఉంచి విశ్లేషించడం ఇప్పుడు సాధ్యం. ఆ సంచికతోనే విండోస్‌లో 32-బిట్ రూపం నిలిచిపోయింది. పాత కంప్యూటర్లున్న ప్రయోగశాలలు ఈ విషయాన్ని గమనించాలి.

పరీక్ష: నాలుగు మెట్లు

స్థాపన పూర్తయిందన్న సందేశం కనిపించినంత మాత్రాన కంపైలర్ సరిగా పనిచేస్తున్నదని భావించరాదు.

మొదటి మెట్టు, సాధనాల ఉనికి. ‘పీకేజీబిల్డ్’ ప్యాకేజీలోని ‘చెక్ బిల్డ్ టూల్స్’ ఆదేశం కంపైలర్ దొరికిందో లేదో చెబుతుంది. తరువాత ‘ఆర్‌సీపీపీ’ ద్వారా రెండు, రెండు కలిపే సి++ వాక్యాన్ని నడపాలి. నాలుగు అని సమాధానం వస్తే కంపైల్ చేయడం, జోడించడం, అమలు చేయడం మూడూ జరిగినట్లే.

రెండవ మెట్టు, ఒక ప్యాకేజీని సిద్ధరూపంలో కాక మూలం నుంచే స్థాపించడం. ఫోర్‌ట్రాన్ కోడ్ ఉన్న ప్యాకేజీని కూడా ఒకటి ప్రయత్నించాలి. సి మాత్రమే పనిచేసి ఫోర్‌ట్రాన్ పనిచేయని స్థితి అరుదు కాదు. ఆర్‌తో పాటు వచ్చే ‘టూల్స్’ ప్యాకేజీలోని అంతర్గత పరీక్షలను కూడా ఈ దశలోనే నడపవచ్చు.

మూడవ మెట్టు, సమాధానం తెలిసిన లెక్క. 10,00,00,001; 10,00,00,002; 10,00,00,003 అనే మూడు సంఖ్యలను తీసుకోండి. సగటు నుంచి విచలనాలు −1, 0, 1. కనుక వర్గాల మొత్తం 2, విస్తృతి 1. ఆర్‌లోని విస్తృతి ఆదేశం 1 అనే చెప్పాలి. ఇదే లెక్కను మనం తరగతిలో నేర్పే కరెక్షన్ ఫ్యాక్టర్ సూత్రంతో, అంటే వర్గాల మొత్తం నుంచి మొత్తపు వర్గాన్ని మూడుతో భాగించిన విలువను తీసివేసి చేస్తే, 2కు బదులు సున్న వస్తుంది. సూత్రం తప్పు కాదు. కంప్యూటర్ సాధారణంగా ఒక సంఖ్యను 53 బిట్ల ఖచ్చితత్వంతో, అంటే సుమారు 16 అంకెల వరకే నిలుపుతుంది. ఈ వర్గాలు 17 అంకెలవి. రెండు పెద్ద సంఖ్యలను తీసివేసినప్పుడు మనకు కావలసిన చిన్న తేడా చివరి అంకెలతో పాటే పోతుంది. ఇంటెల్ యంత్రాలలోని 80-బిట్ విస్తృత రూపంలో మొత్తం లెక్క సాగితే ఇదే సూత్రం 2 ఇస్తుంది. యాపిల్ ఎం శ్రేణి యంత్రాలలో ఆ రూపం లేదు. ఒకే కోడ్ రెండు యంత్రాలపై ఎందుకు భిన్నంగా నడవగలదో దీనివల్ల అర్థమవుతుంది.

రిగ్రెషన్‌కు 1967లో లాంగ్లీ ప్రచురించిన దత్తాంశం ప్రసిద్ధ పరీక్ష. పదహారు పరిశీలనలు, పరస్పరం గాఢంగా ముడిపడిన ఆరు చరాలు గల ఈ పట్టిక ఆర్‌లోనే ఉంది. దానితో ఉద్యోగుల సంఖ్యను అంచనా వేస్తే స్థిరాంకం −3482.25863 రావాలి. అమెరికా ప్రమాణాల సంస్థ ధ్రువీకరించిన విలువతో ఇది సరిపోతుంది. పోల్చేటప్పుడు ఆఖరి అంకె దాకా ఒకటే కావాలని పట్టుబట్టరాదు. మొదటి ఏడెనిమిది అంకెలు కలిస్తే చాలు.

నాలుగవ మెట్టు, లోపించిన మడి. ఎలుకలు కొట్టిన మడి, ముంపునకు గురైన మడి డెల్టా ప్రయోగాలలో సాధారణమే. ఆర్ ఇటువంటి విలువను ‘ఎన్ఏ’గా గుర్తిస్తుంది. వేగం కోసం కంపైలర్‌కు ‘ఫాస్ట్ మ్యాత్’ ఎంపిక ఇస్తే, సంఖ్య కాని విలువలు ఉండవన్న ఊహతో అది కోడ్‌ను మారుస్తుంది. అప్పుడు లోపించిన మడి గుర్తింపే దెబ్బతినవచ్చు. కనుక ఆ ఎంపిక వాడరాదు. ఒక ఎన్ఏ ఉన్న చిన్న పట్టికతో ఫలితాన్ని చేతిలెక్కతో సరిచూడాలి.

సంచిక మారితే నమూనా మారుతుంది

కంపైలర్‌తో సంబంధం లేకపోయినా, దీనితో కలిపి నమోదు చేయవలసిన విషయం ఒకటుంది. 2019లో వచ్చిన ఆర్ 3.6.0లో యాదృచ్ఛిక ఎంపిక పద్ధతిని సవరించారు. ఒకే బీజ సంఖ్య ఇచ్చినా అంతకుముందు సంచికలో వచ్చిన మడుల అమరిక తరువాతి సంచికలో రాకపోవచ్చు. పాత క్షేత్ర నమూనాను తిరిగి పొందాలంటే ‘రౌండింగ్’ అనే పూర్వ పద్ధతిని కోరవలసి ఉంటుంది. బీజ సంఖ్యను మాత్రమే రాసిపెట్టిన ప్రయోగ పుస్తకం ఈ సందర్భంలో సరిపోదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు, మార్గదర్శక ఆచార్యులకు మూడు సూచనలు. ప్రయోగశాలలోని కంప్యూటర్లన్నింటిలో ఒకే ఆర్, ఒకే ఆర్‌టూల్స్ సంచిక ఉంచాలి. పంటకాలం మధ్యలో మార్చరాదు. సంచిక మార్చినప్పుడు పై నాలుగు మెట్లతో పాటు గత ఏడాది విశ్లేషణ ఒకదానిని తిరిగి నడిపి పాత పట్టికతో పోల్చాలి. ‘సెషన్ ఇన్ఫో’ ఆదేశం ఇచ్చే వివరాలతో పాటు కంపైలర్ సంచికను సిద్ధాంత గ్రంథం అనుబంధంలో చేర్చాలి. నేల రకం, వర్షపాతం, ఎరువు మోతాదు పదార్థాలు–పద్ధతులు అధ్యాయంలో రాస్తున్నాము. లెక్క కట్టిన పరికరమూ ఆ పద్ధతిలో భాగమే. ఈ పరీక్షలన్నింటికీ ఒక పూట పడుతుంది. ఆరు నెలలు నీటిలో నిలబడి సేకరించిన దిగుబడి వివరాలకు, వాటిని నమ్మి విత్తనం మార్చుకొనే రైతుకు, ఆ ఒక్క పూట మనం బాకీ.