పాఠశాలల్లో ఉబ్బస అత్యవసర మందు: 108 వాహనం వచ్చేలోగా

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని బహదూర్‌పల్లి పరిసరాలు కొద్ది సంవత్సరాలలోనే నగరంలో కలిసిపోయాయి. కొంపల్లి, గండిమైసమ్మల వైపు వాహనాల రద్దీ, నిర్మాణాల దుమ్ము నిత్యకృత్యం. జీడిమెట్ల పారిశ్రామికవాడ కూడా చేరువలోనే ఉన్నది. దుమ్ము, పొగ ఉబ్బసాన్ని రేకెత్తిస్తాయి. ఇటువంటి ప్రాంతాల పాఠశాలల్లో ఏ విద్యార్థికైనా తరగతిలోనే ఆయాసం ముంచుకొస్తే ఏ మందు, ఎవరి చేత, ఎంత త్వరగా అందాలన్నది ముందుగానే నిర్ణయమై ఉండాలి.

దేశంలో ఉబ్బస వ్యాధిగ్రస్తులు సుమారు 3.4 కోట్ల మంది ఉన్నట్లు 2019 సంవత్సరపు అంచనా. ఉబ్బసం ఉద్ధృతమైనపుడు శ్వాసనాళాలు బిగుసుకుపోయి పిల్లికూతలు, ఆయాసం కలుగుతాయి. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ నిమిషాల వ్యవధిలో వాటిని సడలిస్తుంది. ఇది జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్న మందు, ఖరీదైనదీ కాదు. అయితే ఔషధ నిబంధనల షెడ్యూల్ హెచ్ కిందకు వస్తున్నందున వైద్యుని చీటీ అవసరం. కనుక ఉబ్బసమున్న ప్రతి విద్యార్థికి వైద్యుని చీటీ, తల్లిదండ్రుల లిఖితపూర్వక అంగీకారం, విద్యార్థి పేరు రాసిన ఇన్‌హేలర్ పాఠశాలలో ఉండడం సులభమైన మార్గం. బ్రిటన్ ఇంకొక అడుగు వేసింది. 2014 అక్టోబరు 1 నుండి అక్కడి పాఠశాలలు చీటీ లేకుండానే అత్యవసర ఇన్‌హేలర్‌ను కొని ఉంచుకోవచ్చును.

విద్యార్థులను గుర్తించే యంత్రాంగం మనకు ఇప్పటికే ఉన్నది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ పాఠశాలల్లో పరీక్షించే వ్యాధులలో ఉబ్బస సంబంధ శ్వాసనాళ వ్యాధి ఒకటి. ఆ వివరాలు ప్రధానోపాధ్యాయుని వద్ద ఒక జాబితాగా ఉంటే చాలును.

పిల్లలకు స్పేసర్ గొట్టం ద్వారా మందు ఇవ్వడం మేలు. అది లేనిచోట 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాకు రంధ్రం చేసి, ఇన్‌హేలర్‌ను బిగించి, సందులు మూసి వాడినా దాదాపు అంతే ఫలితం ఉన్నట్లు 1999లో లాన్సెట్ పత్రికలో వెలువడిన దక్షిణాఫ్రికా అధ్యయనం తెలిపింది. విద్యార్థిని పడుకోబెట్టరాదు, నిటారుగా కూర్చోబెట్టాలి. ఆస్ట్రేలియా పాఠశాలల్లో బోధించే పద్ధతి గుర్తుంచుకొనుటకు తేలిక: ఒక్కొక్కటిగా నాలుగు మోతాదులు, ప్రతి మోతాదుకు నాలుగు శ్వాసలు, పిమ్మట నాలుగు నిమిషాల నిరీక్షణ. తగ్గకున్న వెంటనే 108కు ఫోన్ చేసి, వాహనం వచ్చేవరకు అదే క్రమాన్ని కొనసాగించాలి. మాట పెగలకపోయినా, పెదవులు నీలిరంగుకు మారినా ఆ నాలుగు నిమిషాలు కూడా ఆగకుండా ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన ఆ సేవల కేంద్రం ఇదే ఉత్తర శివారులోని దేవరయాంజాల్‌లో ఉన్నది. అయినను ఎంత వేగంగా వచ్చే వాహనానికైనా కొంత వ్యవధి పడుతుంది.

ఇన్‌హేలర్ అలవాటవుతుందన్న అపోహతో దానిని దాచిపెట్టే కుటుంబాలు ఉన్నాయి. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదానికి వేలాదిమంది వస్తారు. పాఠశాలలు తెరిచేది కూడా ఆ రోజుల్లోనే. విశ్వాసం ఎవరిదైనా, వైద్యులు రాసిన ఇన్‌హేలర్‌ను మాన్పించరాదు. సాల్బుటమాల్ తక్షణ ఉపశమనానికి మాత్రమే. రోజువారీ నివారణ మందుకు ప్రత్యామ్నాయం కాదు.

మందు గడువు తేదీని నెలకొకసారి సరిచూడాలి. పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేయరాదు. తాళంచెవి ఉన్న ఉపాధ్యాయుడు సెలవులో ఉన్న రోజున ఆ మందు ఉన్నా లేనట్లే.