‘సూపర్’ అంటే సరిపోదు!

బీటెక్ అయిన ఏడాది ఓ గేమింగ్ కంపెనీలో టెస్టర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లా. ‘మీకు బాగా నచ్చిన గేమ్ ఏంటి?’ అని అడిగారు. ఠక్కున ‘బయోషాక్’ అన్నా. ‘ఎందుకు?’ అన్నారు. ‘స్టోరీ సూపర్ సర్, గ్రాఫిక్స్ సూపర్’ అన్నా. ‘ఇంకా?’ అన్నారు. నా దగ్గర ఇంకేం లేదు. ఉద్యోగమూ రాలేదు.

అప్పుడు అర్థమైంది.. గేమ్ ఆడటం వేరు, ఆడినదాని గురించి మాట్లాడటం వేరు. హాస్టల్లో నాతోపాటు ఆడిన ఫ్రెండ్స్‌కి ఫోన్లు చేశా. రివ్యూలు తిరగేశా. ఒకే గేమ్ మీద ఇన్ని అభిప్రాయాలా అనిపించింది. గేమింగ్‌లో కెరియర్ అనుకుంటున్నారా? అయితే మీకూ ఇది పనికొస్తుంది. ముందే చెబుతున్నా, కథలోని మలుపు కూడా చెప్పేస్తా!

కథేంటంటే..

బయోషాక్ 2007లో వచ్చిన ఫస్ట్ పర్సన్ షూటర్. కెన్ లెవిన్ బృందం తయారుచేసింది. 1960లో అట్లాంటిక్ సముద్రంలో విమానం కూలుతుంది. మిగిలిన మీరు సముద్రం అడుగున ఉన్న ‘రాప్చర్’ నగరానికి చేరతారు. ఎవరి స్వార్థం వాళ్లు చూసుకోవాలన్న సిద్ధాంతంతో ఆండ్రూ ర్యాన్ కట్టిన ఊరది. మీరెళ్లేసరికి శిథిలమై ఉంటుంది. రేడియోలో అట్లాస్ అనే గొంతు మీకు దారి చూపిస్తుంటుంది.

40 తేడా

ఇందులో ‘లిటిల్ సిస్టర్స్’ అనే చిన్నారులు ఉంటారు. వాళ్ల ఒంట్లోని ‘ఆడమ్’తోనే మీకు కొత్త శక్తులొస్తాయి. ప్రాణం తీసి లాక్కుంటే 160, కాపాడితే 80. నా రూమ్మేట్ లాక్కున్నాడు, నేను కాపాడా. రాత్రంతా వాదన! తర్వాత లెక్కేస్తే అసలు సంగతి బయటపడింది. ముగ్గుర్ని కాపాడితే 200 ఆడమ్ బహుమతిగా వస్తుంది. అంటే 440. వాడికి 480. తేడా 40 మాత్రమే. పైగా నాకు వేరే బహుమతులు కూడా! ‘మంచితనానికి ఖరీదే లేకపోతే అది పరీక్షెలా అవుతుంది?’ అన్నది చాలామంది ఆటగాళ్ల విమర్శ. నేను త్యాగమనుకున్నది నిజానికి లాభమే మరి.

ఎవరి మాట వింటున్నాం?

అట్లాస్ చాలా పనులకు ‘వుడ్ యూ కైండ్లీ’ అంటూ మర్యాదగా అడుగుతాడు. ఆ మాట వింటే కాదనలేని విధంగా మన పాత్రను పెంచారని ర్యాన్ గదిలో తెలుస్తుంది. ఆ క్షణంలో కంట్రోల్స్ మన చేతుల్లో ఉండవు. గేమ్ చెప్పినవన్నీ ఎందుకు చేశానా అని ఆడేవాళ్లే ఆలోచనలో పడతారు. ఈ సన్నివేశాన్ని మెచ్చుకోనివాళ్లు అరుదు.

అయితే గేమ్ డిజైనర్ క్లింట్ హాకింగ్ 2007లోనే ఓ వ్యాసంలో దీన్ని తప్పుపట్టాడు. ఆట నియమాలేమో ‘నీ స్వార్థం చూసుకో’ అంటాయి. కథేమో అట్లాస్‌కి సాయం చేయక తప్పదంటుంది. ఈ రెండింటికీ పొసగట్లేదన్నాడు. దానికి ‘లూడోనేరేటివ్ డిసొనెన్స్’ అని పేరు పెట్టాడు. గేమ్ డిజైన్ చర్చల్లో ఈ మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

ఫిర్యాదూ పనిచేస్తుంది

మలుపు తర్వాత కథ చప్పబడిందనీ, ఆఖరి పోరాటం మామూలుగా ఉందనీ చాలామంది అన్నారు. ఇంకో ఫిర్యాదు ‘వీటా ఛాంబర్ల’ మీద. చనిపోగానే వాటిలోంచి మళ్లీ లేచొస్తాం. ఇక భయమెందుకుంటుంది? తర్వాత వచ్చిన అప్‌డేట్‌లో వాటిని ఆపేసుకునే ఆప్షన్ ఇచ్చారు.

మీరేం చేయాలి?

ఈసారి ఏ గేమ్ పూర్తిచేసినా ఒక్క పేజీ రాయండి. నేనేం చేశా? గేమ్ దానికి ఏమిచ్చింది? నాకేమనిపించింది? ఈ మూడూ ఎక్కడ కలవలేదో అక్కడే మీ అభిప్రాయం దొరుకుతుంది. మీకు నచ్చనివాళ్ల వాదన కూడా రెండు వాక్యాల్లో రాయండి. టెస్టింగ్, లెవెల్ డిజైన్, నేరేటివ్ డిజైన్.. ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా ఇది అక్కరకొస్తుంది.

ఆ రోజు నన్ను ‘ఎందుకు?’ అని అడిగినప్పుడు ‘ఆ 40 తేడా వల్ల’ అని ఉంటే బాగుండేది. మీరు మాత్రం రెడీగా ఉండండి!