నెలలు నిండని బిడ్డకు అమ్మపాలే రక్ష

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డ పేగులు లేతగా ఉంటాయి. క్రిములు పేగు గోడలోకి చొరబడితే పేగు వాచి, కుళ్ళిపోవచ్చు. దీనినే డాక్టర్లు ఎన్‌.ఇ.సి. అంటారు. ఇది ప్రాణాపాయం. డబ్బాపాలు తాగే బిడ్డలకు ఈ ముప్పు ఎక్కువ, తల్లిపాలు తాగే బిడ్డలకు తక్కువ.

కర్నూలు, కడప పల్లెల నుండి వచ్చే అవ్వలు కొందరు "ముర్రుపాలు పారబోయండి, గాడిదపాలు పోద్దాం" అంటారు. వారి ప్రేమను మేము కాదనము. కానీ లేత పేగును కాపాడేది ఆ ముర్రుపాలే. కాచని గాడిదపాలతో క్రిములు లోపలికి పోతాయి.

సుమారు 34 వారాల వరకు బిడ్డకు చప్పరించి మింగడం సరిగా రాదు. అందుకే అమ్మా, చేతులు శుభ్రంగా కడుక్కుని రోజుకు ఎనిమిదిసార్లయినా పాలు పిండి ఇవ్వండి. మొదట నాలుగు చుక్కలే వచ్చినా దిగులుపడకండి. మేము వాటిని సన్నని గొట్టంతో, తర్వాత ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పెంచుతూ పడతాము.

తల్లికి పాలు చాలకపోతే, పరీక్షించి వేడితో శుద్ధిచేసిన దాతల పాలు మేలు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో అలాంటి పాలబ్యాంకు ప్రారంభమైంది.

ఇంటికి వెళ్ళాక బిడ్డ పొట్ట ఉబ్బినా, ఆకుపచ్చ వాంతి అయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా నాటుమందు పోయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.