ఒక యేటి పంట చూచి అప్పు చేయకుడు

కళ్లము నుండి కాయ యింటికి చేరిన పిమ్మట ఏ రైతునైనను "ఈ యేడు పంట ఎట్లున్నదయ్యా?" అని అడిగి చూడుడు. "40 మూటలైనవి" అని బదులు వచ్చును. ఎన్ని యెకరాలలో 40 మూటలు? ఎంత పెట్టుబడికి? క్రిందటి యేడు ఎన్ని? ఈ ప్రశ్నలకు జవాబు లేనియెడల ఆ 40 వట్టి అంకె మాత్రమే. ఒక అంకె ప్రక్కన మరియొక అంకెను నిలిపినప్పుడే దానికి అర్థము కలుగును. ఆ పోలికనే నిష్పత్తి యందురు. బ్యాంకులు, వ్యాపార సంస్థలు తమ డబ్బు ఎక్కడ పెట్టవలెనో ఇట్టి నిష్పత్తులను బట్టియే తేల్చుకొనును. సేద్యములో మీరు పెట్టునదియు డబ్బే. దానికి ఆ పరీక్ష ఏల వద్దు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతముల రైతులకు ఈ లెక్క మరింత అవసరము. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ ప్రాంతములన్నియు వెనుకటి అనంతపురం జిల్లాలోనివే. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలు దాటునప్పటికి తన నీటిని చాలవరకు అక్కడనే వదలివేయును. ఈశాన్య ఋతుపవనము సముద్రతీరము నుండి ఇంత దూరము వచ్చునప్పటికి బలహీనపడును. అందుచేత ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురియును. అదియు వేరుసెనగకు ఊడలు దిగు వేళకు వచ్చునన్న నమ్మకము లేదు.

రూపాయికి ఎంత వచ్చినది?

మొదటి నిష్పత్తి ఇది. మొత్తము రాబడిని మొత్తము ఖర్చుతో భాగింపుడు. ఉదాహరణకు ఒక రైతు 40,000 రూపాయలు ఖర్చు పెట్టి 50,000 తెచ్చుకొన్నాడనుకొనుడు. లాభము 10,000. ప్రక్క పొలము రైతు 20,000 పెట్టి 28,000 తెచ్చుకొన్నాడు. లాభము 8,000. పైకి మొదటి రైతే మేలనిపించును. కాని మొదటివానికి రూపాయికి వచ్చినది రూపాయి పావలా. రెండవవానికి రూపాయి నలుబది పైసలు. ఆ పెట్టుబడి అప్పుగా తెచ్చినదైనచో ఈ తేడా ఎంతటిదో మీకే తెలియును.

ఖర్చు వ్రాయునప్పుడు ఇంటి విత్తనమును, సొంత ఎరువును, ఇంటిల్లిపాది చేసిన కూలిని విడువరాదు. మీ భార్య చేసిన కలుపుతీతకు కూలి కట్టకుండ చూపిన లాభము లాభము కాదు, ఆమె కూలియే.

సరుకు నాణ్యమునకు నిష్పత్తి

నూరు కిలోల కాయ ఒలిచిన ఎన్ని కిలోల గింజ వచ్చును? వేరుసెనగ కొనువాడు ముందుగా చూచునది ఇదియే. మీరును ఒక కిలో కాయను ఇంటివద్దనే ఒలిచి తూచి, గింజ శాతము తెలిసికొనియే బేరమునకు కూర్చుండుడు.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులోను ఇదే నీతి. ఒక కిలో పట్టుదారము తీయుటకు ఎన్ని కిలోల గూళ్లు పట్టునో దానిని రెండిట్టా యందురు. ఈ అంకె ఎంత తక్కువైన గూడు అంత మంచిది. కిలో 500 రూపాయల గూళ్లు 7 కిలోలు పట్టినచో దారమునకు గూళ్ల ఖర్చు 3,500 రూపాయలు. కిలో 540 రూపాయల గూళ్లు 6 కిలోలే చాలినచో 3,240. కాబట్టి మంచి గూటికి 40 రూపాయలు హెచ్చు పెట్టినను రీలరుకు లాభమే. ఇది తెలిసిన రైతు నాసి గూళ్లను ఏరివేసి, మంచి గూళ్లకు తగిన ధర వచ్చువరకు నిలబడగలడు.

సగటు చేయు మోసము

ఒక యేటి నిష్పత్తి చాలదు. రెండు చేల లెక్క చూడుడు. ఇవి వివరించుటకు వేసిన అంకెలు. ఎకరానికి మూటలలో ఏడేండ్ల దిగుబడి.

మొదటి చేను: 12, 2, 9, 1, 14, 3, 8.
రెండవ చేను: 8, 6, 7, 5, 9, 6, 8.

రెండింటి మొత్తము 49, సగటు 7. సగటు ఒక్కటే చూచిన రెండు చేలును సమానమే. ఇప్పుడు ఖర్చులు గిట్టుటకు 6 మూటలు కావలెననుకొనుడు. మొదటి చేనులో ఏడేండ్లలో మూడేండ్లు నష్టము. రెండవ చేనులో ఒక్క యేడే.

ఈ ఒడుదుడుకులను కొలుచుట కష్టము కాదు. ప్రతి యేటి దిగుబడి సగటునకు ఎంత దూరమున్నదో, ఎక్కువైనను తక్కువైనను, వ్రాసి కూడి 7తో భాగింపుడు. మొదటి చేనుకు సుమారు 4.3 మూటలు, రెండవదానికి 1.1 వచ్చును. ఈ అంకె పెద్దదైనకొలది అప్పు చిన్నదిగా ఉండవలెను. కాని మనము చేయుచున్నదేమి? 14 మూటలు పండిన యేటి ఉత్సాహముతో బోరు వేయింతుము, పెండ్లి ఖాయము చేయుదుము, వాయిదాలకు ఒప్పుకొందుము. మరుసటి యేడు 3 మూటలు పండును. వాయిదా మాత్రము తగ్గదు.

కావున అప్పు వాయిదాను మంచి యేటి రాబడితో గాని, సగటు రాబడితో గాని పోల్చకుడు. ఏడేండ్లలో మిక్కిలి తక్కువ పండిన రెండేండ్ల రాబడితో పోల్చుడు. ఆ యేండ్లలో పాడి వలన, కూలి వలన వచ్చినదానిని కలిపియైనను వాయిదా తీరునా? తీరనిచో ఆ అప్పు మీ చేను మోయలేదు. వేరుసెనగలో కంది సాళ్లు వేయుట, నీటి కుంట త్రవ్వుకొనుట, నాలుగు గొర్రెలనో పాడిపశువునో ఉంచుకొనుట, ఇవన్నియు ఆ ఒడుదుడుకులను తగ్గించు మార్గములే.

గ్రామోద్యోగులకు ఒక మాట

పంట కోత ప్రయోగములో వేరుసెనగకు 5 మీటర్ల చదరము, అనగా 25 చదరపు మీటర్లు, కొలిచి కోయుదురు. ఎకరములో ఇట్టి చదరములు సుమారు 162. ఎండిన కాయ రెండున్నర కిలోలు తూగినచో ఎకరానికి సుమారు 405 కిలోలన్నమాట. అంటే చదరములో తూనిక ఒక కిలో తప్పినచో ఎకరానికి 162 కిలోలు తప్పినట్లే. ఏ చేను, చేనులో ఏ చోటు అనునది నిబంధన ప్రకారము లాటరీ పద్ధతిని రావలెనే గాని, కంటికి నచ్చినది కాకూడదు.

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకములో దిగుబడిపై ఆధారపడిన పంటలకు పరిహారము ఈ లెక్కపైననే తేలును. హామీ దిగుబడి 400 కిలోలై, తేలినది 300 అయినచో తగ్గినది 100, అనగా నాల్గవ వంతు. బీమా మొత్తములో నాల్గవ వంతు రావలెను. గట్టునుండి పచ్చగా కనబడిన చోటనే కోసి 400 అని వ్రాసినచో ఊరందరి పరిహారము ఆ ఒక్క అంకెతో పోవును.

రైతు సోదరులారా, దీనికంతటికిని కావలసినది ఒక నోటు పుస్తకము. విత్తిన తేది, కురిసిన వాన, పెట్టిన ఖర్చు, పండిన మూటలు, అమ్మిన ధర వ్రాసికొనుడు. గడచిన యేండ్లవి జ్ఞాపకమున్నంతవరకు ఇంటిలోని పెద్దలనడిగి చేర్చుడు. భాగహారము మీ పిల్లలు చేసిపెట్టుదురు. ఈసారి అప్పు పత్రముపై చేవ్రాలు చేయుటకు ముందు ఆ పుస్తకము తెరచి, మిక్కిలి తక్కువ పండిన ఆ రెండేండ్లను ఒకసారి చూడుడు.