గోడ ఎవరిది, బొమ్మ ఎవరిది?

నందిగాం నుంచి అటు టెక్కలికో ఇటు పలాసకో రోడ్డు పట్టుకుని పోతుంటే ముందు గోడలే పలకరిస్తాయి. సిమెంటు కంపెనీ గోడ, పార్టీ గోడ. ఇంటాయన్ని అడిగి రాసేవాళ్లు తక్కువ. పేదోడి గోడైతే అసలు అడగరు. వీధి గోడల బొమ్మల గురించి మాట్లాడేముందు ఈ సంగతి మాట్లాడుకోవాలని మేమనుకుంటున్నాం.

గోడబొమ్మ ఈ ప్రాంతానికి కొత్త కాదు. మందస, సీతంపేట కొండల్లో సవరలు వేసే బొమ్మని ఎడిసింగ్ అంటారు. ఎర్రమట్టి పూసిన గోడమీద, నీళ్లలో కలిపిన బియ్యప్పిండితో, పుల్లతో వేస్తారు. అది వీధికి చూపించే బొమ్మ కాదు, ఇంటి లోపలిది. ఇంట్లో జబ్బు చేసినప్పుడు, పంటల వేళ, పోయిన పెద్దల పేరనో దేవతల పేరనో వేస్తారు. వాళ్లకది అలంకారం కాదు, ఆ పెద్దలు వచ్చి ఉండే ఇల్లు. కొండకవతల ఒరిస్సా సవరల మధ్య తిరిగిన వెరియర్ ఎల్విన్ 1951లో అచ్చయిన తన పుస్తకంలో ఇలాంటి బొమ్మల్ని నమోదు చేశాడు. సూర్యుడు, చంద్రుడు, ఏనుగులతో పాటు గుర్రమెక్కిన దొర, విమానం కూడా వాటిలో కనబడతాయి. చదువు లేదని మనం అనుకునేవాళ్లు తమమీద పెత్తనం చేసేవాణ్ణి సైతం గోడకెక్కించారన్నమాట!

ఇప్పుడీ బొమ్మలు ప్రహరీగోడల మీదకీ, గుడ్డలమీదకీ దిగాయి. దిగడం తప్పని మేమనం. వేసిన చేతికి కూలి దొరికితే మంచిదే. అయితే దారిలో జబ్బు జారిపోయింది, పెద్దలు జారిపోయారు, దొరా జారిపోయాడు. చేతులు పట్టుకుని ఆడే మనుషులు మిగిలారు. గిరిజనుడు ఆడుతూ ఉంటే చూసేవాళ్లకి ఇబ్బంది లేదు మరి. ఈ కొండల వరసలోనే 1967 అక్టోబరు 31న గిరిజన సంఘం మహాసభకి పోతున్న కోరన్న, మంగన్నలని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు చంపేశారు. ఆ బొమ్మని ఏ ఆఫీసు తన ప్రహరీమీద వేయిస్తుంది?

కింద మాల, పైడి, రెల్లి వాడల్లో కథ వేరు. అక్కడి బొమ్మ బయట నిలబడేందుకే పుట్టింది. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత రాష్ట్రమంతటా వాడల్లో అంబేడ్కర్ బొమ్మ ఒక ప్రకటన అయింది. సైన్‌బోర్డులు రాసే కుర్రాడు వేసిన బొమ్మలో ముక్కు కాస్త వంకరపోయినా ఎవరూ ఏమనరు. వాడలో ఉన్నంతవరకు ఊరూ ఊరుకుంటుంది. అదే బొమ్మ నాలుగు రోడ్ల కూడలికొచ్చిందా, పంచాయితీ మొదలు.

టీచర్లనీ విద్యార్థులనీ ఒకటి అడుగుతున్నాం. మీ ఊళ్లో గోడబొమ్మల్ని నోటుబుక్కులోకి ఎక్కించండి. వేసిందెవరు, వేయించిందెవరు, కూలెంత, గోడ ఎవరిది? సంకురాత్రికి సున్నం కొట్టేలోగా.