ఆరుద్ర పురుగు ముందు ఏ లెన్సు?

తొలకరికి చేజర్ల చేలగట్ల మీద ఎర్ర ముఖమల్ గుండీలాంటి ఆరుద్ర పురుగు కనిపిస్తే, దాన్ని ఫొటో తీయడానికి ఏ మాక్రో లెన్సు కొనాలి? మొదటి లెన్సుగా నా ఓటు 100 మి.మీ.కే. మాక్రో లెన్సు మీద 1:1 అని ఉంటే, సెంటీమీటరు పురుగు బొమ్మ సెన్సర్ మీద కూడా సెంటీమీటరే పడుతుందని అర్థం. 60 మి.మీ. లెన్సూ ఆ పని చేస్తుంది. కాకపోతే దాని ముందు అద్దం పురుగుకి పది సెంటీమీటర్ల లోపుకి చేరాలి. అప్పుడు లెన్సు నీడే పురుగు మీద పడుతుంది. 100 మి.మీ. లెన్సయితే పదమూడు, పధ్నాలుగు సెంటీమీటర్ల ఎడం మిగులుతుంది, వెలుగు రావడానికి దారి ఉంటుంది. మరి చవకైన ఎక్స్‌టెన్షన్ ట్యూబు చాలదా? అందులో అద్దమే ఉండదు, ఉన్న లెన్సును సెన్సర్‌కి దూరం జరుపుతుందంతే. నాణేనికీ పువ్వుకీ భేషుగ్గా చాలు, నడిచే పురుగు దగ్గరే ఇబ్బంది.

ఏ లెన్సు కొన్నా తప్పని చిక్కు మసక. 1:1 దగ్గర f/8 పెడితే స్పష్టంగా వచ్చేది సుమారు ఒక్క మిల్లీమీటరు మందం: ముందు కాళ్ల నూగు తేటగా ఉంటే వీపు అలుక్కుపోతుంది. f/32కి పోతే సరి అంటారా? అంత సన్నని రంధ్రంలో కాంతి చెదిరి బొమ్మంతా మెత్తబడుతుంది. అందుకే ఫోకస్ రింగు తిప్పడం మానేసి, కెమెరానే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఊపుతూ వరసగా నొక్కాలి.