గోదారి మట్టి కట్టిన అఖాతం

కాకినాడకు ఎదురుగా సముద్రంలో సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగిన ఇసుక దిబ్బ ఉంది. దాని పేరు హోప్ ఐలాండ్, వయసు రెండు వందల ఏళ్లకు అటూ ఇటూ. కోరంగి రేవు నిండా ఓడలున్న రోజుల్లో ఆ చోట నేలే లేదు. గోదావరి ఏటా వరదల్లో తెచ్చి పోసిన ఇసుకను నైరుతి గాలులు లేపిన అలలు ఒడ్డు వెంబడే ఉత్తరానికి నెట్టుకుంటూ పోయాయి. మొగ దగ్గర మొదలైన మేట అలా సాగి సాగి, తీరానికీ తనకూ మధ్యనున్న నీటిని దీపానికి చెయ్యి అడ్డం పెట్టినట్టు కాచింది. అదే కాకినాడ అఖాతం. పడమర కాకినాడ, దక్షిణాన మడ అడవి, తూర్పున ఇసుక దిబ్బ. సముద్రం లోపలికి రావాలంటే ఉత్తరం వైపు వాకిలి ఒక్కటే.

ఈ అఖాతం చరిత్ర రాయాలంటే రాజులతోనో కంపెనీలతోనో కాదు, మట్టితో మొదలుపెట్టాలి. నది తెచ్చిన దాంట్లో బరువైన ఇసుక బయట దిబ్బ కట్టింది. సన్నని ఒండ్రు మాత్రం లోపలి నిలకడ నీటిలో మెల్లగా అడుగుకు దిగి, మడచెట్లు వేళ్లూనే బురద అయింది. ఒక రేవును పూడ్చి ఊరు ఖాళీ చేయించిందీ, పక్క ఊరికి రేవు అమర్చిపెట్టిందీ ఆ మట్టే.

పూడిపోయిన రేవు కోరంగి. యానాం దగ్గర గౌతమి నుంచి చీలివచ్చే పాయ ఒడ్డున ఉంది. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానం చేస్తూ సప్తసాగర యాత్ర చేసేవారికి ఆ పాయ ఆత్రేయ. తుల్యభాగ సముద్రంలో కలిసే చొల్లంగిలో పుష్య బహుళ అమావాస్యనాడు స్నానం చేసి యాత్ర మొదలుపెట్టి, కోరంగికి వచ్చి, చివరకు వశిష్ఠ కలిసే అంతర్వేదికి చేరతారు. విదేశీ వర్తకులు ఈ పాయల్ని వెతుక్కుంటూ వచ్చింది నేతబట్టల కోసం. యానాంలో ఫ్రెంచివారు, ఇంజరంలో ఇంగ్లీషువారు, కాకినాడను ఆనుకుని జగన్నాథపురంలో డచ్చివారు దిగారు. కోరంగికి వారందరితో పని పడింది, వారికి అంతకన్నా ఎక్కువగా కోరంగితో పని పడింది. దెబ్బతిన్న ఓడను బాగుచేసుకోవడానికీ కొత్త ఓడ కట్టించుకోవడానికీ ఈ తీరంలో పేరున్న చోటు అది. గోదావరి మీదుగా టేకు దూలాలు తేలి వచ్చేవి. ఆ వడ్రంగం ఇంకా పూర్తిగా పోలేదు. తాళ్లరేవు వైపు చెక్క ఓడలు కట్టే పనివాళ్ల చేతుల్లో కొంత మిగిలింది.

1789 డిసెంబరులో వచ్చిన తుపానులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెంట ఒకటి కోరంగి మీద పడ్డాయి. రేవులో ఉన్న ఓడలు ఊరి పక్కకు కొట్టుకొచ్చాయి. దాదాపు 20,000 మంది పోయారని చెబుతారు. మళ్లీ 1839 నవంబరు 25న ఇంకో ఉప్పెన. ఈసారి చచ్చిపోయినవారు మూడు లక్షలని, మునిగిన పడవలు ఇరవై వేలని పుస్తకం తర్వాత పుస్తకంలో రాస్తూ వచ్చారు. ఒక రేవుకూ దాని చుట్టూ ఉన్న పల్లెలకూ ఆ అంకె చాలా పెద్దది, నాకు నమ్మబుద్ధి కాదు. అయినా అంకెను తగ్గించినంత మాత్రాన జరిగిన నష్టం తగ్గదు. కలకత్తాలో కూర్చుని తుపానుల తీరు ఓపికగా గ్రంథస్థం చేసిన హెన్రీ పిడింగ్టన్, గాలివానలకు ‘సైక్లోన్’ అని పేరు పెట్టినవాడు, కోరంగి ఉప్పెనను కూడా పరిశీలించాడు.

కోరంగిని తుపాన్లు మాత్రమే ముంచలేదు. అవి వచ్చి పోయాయి. ఒండ్రు మాత్రం ఏ ఏడూ ఆగలేదు. పాయ మేట వేసి, పెద్ద ఓడలు లోపలికి రాలేని స్థితి వచ్చింది. ఊరి పేరు మాత్రం ఓడలెక్కి దేశాలు పట్టుకు తిరిగింది. ఈ తీరం నుంచి కూలికి వెళ్లిన తెలుగువాళ్లను బర్మాలో, మారిషస్‌లో ‘కోరంగీలు’ అన్నారు. ఆ పిలుపులో తక్కువ చూపు కూడా ఉండేది. రంగూన్ రేవులో బస్తాలు మోసినవారు, రిక్షాలు లాగినవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవారు తమ సొంత ఊరు ఏదైనా సరే, కోరంగీలుగానే మిగిలారు. వారి కష్టం మీద మనవైపు రావలసినన్ని పుస్తకాలు రాలేదన్న బాధ నాకుంది.

కోరంగి తగ్గుతుండగా కాకినాడ పెరిగింది. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండు మిల్లులకు అక్కడి దూది అందక, మన పత్తికి గిరాకీ వచ్చింది. ఆ ఎగుమతి కాకినాడను నిలబెట్టింది. అయితే అఖాతం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుని ఉంటే, కాలువలోంచి బార్జీలు సరుకు మోసుకెళ్లి వాటికి ఎక్కించేవి. దిబ్బ చాటున అలలు ఉండవు కాబట్టే ఆ పని సాగింది. ఇప్పటికీ బియ్యం బస్తాలు అలా వెళ్తూనే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, విశాఖతో పాటు ఈ రేవు మీద కూడా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. 1997లో ఉత్తర వాకిలి దగ్గర డీప్ వాటర్ పోర్టు మొదలైంది. అప్పటినుంచి అడుగున చేరే మట్టిని యంత్రాలతో తోడి పోస్తున్నారు.

అఖాతం దక్షిణపు కొసకు వెళ్తే లోకం మారిపోతుంది. గాడేరు, కోరంగి పాయలు, వాటిని కలిపే లెక్కలేనన్ని కాలువలు, వాటి మధ్య మడ అడవి. 1978లో 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణంతో దీన్ని కోరంగి అభయారణ్యంగా ప్రకటించారు. మన దేశంలోని పెద్ద మడ అడవుల్లో ఇదొకటి. పోటుకు మునిగి పాటుకు తేలే ఆ బురదలో గాలి చొరబడదు. అందుకే మడచెట్ల వేళ్లు నేలలోంచి పైకి పొడుచుకువచ్చి ఊపిరి పీలుస్తాయి. ఆకులు ఒంట్లో చేరిన ఉప్పును బయటికి కక్కుతాయి, ఎండలో చూస్తే పలుకులు కనిపిస్తాయి. ఉప్పుపొన్న కాయ చెట్టునుండగానే మొలకెత్తి, పొడవాటి మొలకగా ఎదిగి, కింద పడి బురదలో నాటుకుంటుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకు ముప్పు. అడవికి వెళ్లేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు.

రాలిన ఆకే ఇక్కడ అందరి తిండికీ మొదలు. దాన్ని పీతలు తుంచి తింటాయి. మిగిలింది కుళ్లి నీటిలో కలిస్తే రొయ్య పిల్లలు దాని మీద బతుకుతాయి. టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది బయటి సముద్రంలో. పిల్లలు పోటుతో మడ కాలువల్లోకి వచ్చి, చెట్ల వేళ్ల మధ్య ఎదిగి, తిరిగి సముద్రానికి పోతాయి. మండపీత, పండుగప్ప కూడా ఈ నీళ్లలో పెరిగేవే. దూరంగా సముద్రంలో వల వేసే మత్స్యకారుడి సంపాదన ఈ అడవిలో తయారవుతోందంటే అతిశయోక్తి కాదు. రాత్రిపూట కాలువ గట్టున బావురుపిల్లి వేటాడుతుంది. నీటిలో దిగి చేపను పట్టే ఈ పిల్లులు అభయారణ్యంలో నూరుకు పైగా ఉన్నట్టు అటవీశాఖ లెక్కల్లో తేలింది. పగలు నీటికుక్కలు గుంపుగా ఈదుతాయి. చలికాలం మొదలయ్యాక ఉత్తర దేశాల నుంచి ఉల్లంకులు వేలల్లో దిగుతాయి. వాటిలో ప్రపంచమంతటా తగ్గిపోతున్న గ్రేట్ నాట్ కూడా ఉంది. కింది ముక్కు పొడవుగా ఉండి, నీటిని గీసుకుంటూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్లు అఖాతపు ఇసుక తిప్పల మీద వాలతాయి.

అఖాతం అడుగున గుల్లలున్నాయి. ఆడా మగా నడుంలోతు నీళ్లలో దిగి, చేతులతో వెతికి పోగుచేస్తారు. కాల్చి గుల్లసున్నం చేస్తారు. సిమెంటు రాకముందు మన ఇళ్లను నిలబెట్టిన సున్నం అది.

ఈ అడవి ఒకప్పుడు మనిషి చేతిలోనే చాలా పోయింది. వంతులవారీగా మొత్తం నరికేసిన చోట్ల నేల ఎండకు ఎండి, కుంగి, పళ్లెంలా తయారైంది. పోటునీరు అందులో చేరి బయటికి పోలేక ఆవిరై, ఉప్పు మిగిల్చింది. అక్కడ మళ్లీ మొక్క లేవలేదు. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ శాస్త్రజ్ఞులు, అటవీశాఖ, పల్లెల్లోని వన సంరక్షణ సమితులు కలిసి ఆ నేలలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటు లోపలికి వచ్చి, పాటుతో పాటు ఉప్పు కడుక్కుని వెళ్లడం మొదలయ్యాక మడ నాటితే నిలిచింది. నాకు ఈ అఖాతం కథలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. చెట్టును కాదు, ముందు నీటి దారిని బాగుచేశారు. 1996 నవంబరు తుపాను ఈ తీరంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసుకున్నాక, మడ చాటున ఉండటం ఎంత విలువైనదో పల్లెలకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. అయినా 2020లో కాకినాడ శివార్లలో ఇళ్ల స్థలాల కోసం మడచెట్లు కొట్టి మట్టి కప్పారు. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మర బోట్లకు వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న. గుడ్లు పెట్టడానికి తీరం చేరే తల్లులు నిషేధానికి ముందే ట్రాలు వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. నది మొగల ముందర ఆ నెలల్లో ట్రాలింగ్ ఆపించడం కష్టమే, కానీ అసాధ్యం కాదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు నదికి ఎగువన ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టాకు అన్నం పెట్టింది. ఆ తర్వాత గోదావరి మీద, ఉపనదుల మీద ఎన్నో కట్టడాలు లేచాయి. 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులున్న ఒండ్రు, 1990లకు 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగతాది రిజర్వాయర్ల అడుగున ఉండిపోతోంది. దిబ్బ కట్టిన ఇసుకా, మడను మోసే బురదా రెండూ ఆ లెక్కలోవే. అఖాతానికి ఉత్తరాన ఉప్పాడలో ఇప్పటికే ఇళ్లూ బీచ్ రోడ్డూ కోతకు గురవుతున్నాయి. హోప్ ఐలాండ్ కాకినాడను కాస్తోంది గానీ, ఉత్తరానికి సాగవలసిన ఇసుక అక్కడితో ఆగిపోతోంది, అలల జోరు ఉప్పాడ మీద పడుతోంది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబ్ వేశారు, సముద్రం వాటిని లాగేసింది. పోలవరం గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని ఎకరాలకు నీళ్లొస్తాయో, ఎంత కరెంటు వస్తుందో చెబుతున్నారు. ఎంత మట్టి ఆగిపోతుందో, మొగల దాకా ఎంత చేరుతుందో కూడా అదే కాగితం మీద రాయించుకోవాలి. ఉప్పాడ తీరాన్ని కాపాడటానికి ఏటా అయ్యే ఖర్చు దాని పక్కనే ఉండాలి.